ఏ మూలకూ పొసగని మంటగుంత

సిద్దిపేటలో దుబాయి పోయొచ్చినవాళ్లు రెండు రకాలు. అక్కడ ఏం పని చేశారో అడగకముందే చెప్పేవాళ్లు ఒక రకం, అడిగినా చెప్పనివాళ్లు ఇంకో రకం. తాపీ పని చేసే ఎల్లన్న మొదటి రకం. నిజానికి అతను పోయింది సౌదీకి. కానీ మా దిక్కు సముద్రం దాటినవాడు ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే లెక్క. ఎనభై ఏడులో తిరిగొచ్చాక నెల రోజులు దుబాయి ఎల్లన్న అన్న పేరు బాగానే నడిచింది. బస్టాండు పక్క చాయ్ హోటల్లో అతను కూర్చుంటే చుట్టూ నలుగురు చేరేవారు. అక్కడ తాను లేపిన గోడల గురించి, మేడల గురించి, గుమ్మటాల గురించి చెప్తుంటే వినేవాళ్ల చాయ్‌లు చల్లారిపోయేవి. నోటితో కట్టే మేడకు ఇసుక అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. ఒక్క సాయంత్రంలో రెండంతస్తులు లేపి స్లాబు కూడా వేసేవాడు.

ఆ మేడలన్నిటినీ కోహెడ బుచ్చిరాములు ఒక్క మాటతో కూల్చేశాడు. బుచ్చిరాములు కూడా సౌదీలో అదే దిక్కున నీళ్ల ట్యాంకరు నడిపి వచ్చినవాడు. ఎల్లన్న మీద అతనికి పగేమీ లేదు. పగ ఉంటే ఆలోచించి మాట్లాడేవాడేమో. ఒకనాడు బస్సు దిగి హోటల్లోకి వచ్చి, పాత దోస్తును చూసిన సంతోషంలో, "ఏం ఎల్లన్నా, నీ మేకలు యాదికొస్తున్నయా?" అని అందరి ముందూ అడిగేశాడు.

మేస్త్రీ వీసా అని చెప్పి తీసుకుపోయి, దిగిన మూడో రోజే అక్కడి యజమాని అతన్ని ఎడారిలో మేకల దొడ్డి దగ్గర వదిలేసిన సంగతి పొద్దుగూకేలోపు ఊరంతా తెలిసిపోయింది. తెల్లారేసరికి అతను మేకల ఎల్లన్న.

ఇందులో అన్యాయం ఏమిటంటే, ఎల్లన్న చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం నిజం. మూడేళ్లు మేకలు కాసిన అతను, నడుమ ఒక మూడు నెలలు నిజంగానే తాపీ పట్టాడు. ఆ యజమాని చలికాలం స్నేహితులతో కూర్చోవడానికి తన తోటలో గుండ్రంగా ఒక గుంత తీయించాడు. గుంత లోపల చుట్టూ అరుగు, నడుమ మంట పెట్టుకునే కుండంలాంటిది. పని పెషావరు నుంచి వచ్చిన ఒక ముసలి మేస్త్రీది, ఎల్లన్న అతని చేతికింద మనిషి. సగం పనిలో ముసలాయనకు నడుము పట్టేసింది. మంచం మీద నుంచి ఆయన చెప్తుంటే మిగిలిందంతా ఎల్లన్నే కట్టాడు. అయితే తొంభైతొమ్మిది అబద్ధాల మధ్య ఇరుక్కుపోయిన ఒక్క నిజాన్ని ఏరి పక్కన పెట్టే తీరిక ఎవరికుంటుంది? గుమ్మటాలతో పాటు గుంత కూడా కొట్టుకుపోయింది.

వెక్కిరింతలు అతను పడగలడు. పడలేనిది వేరే ఉంది. అప్పటి నుంచి అతన్ని మేస్త్రీ అని పిలిచే నోరు ఊళ్లో లేకుండా పోయింది. పన్నెండో ఏట తట్ట నెత్తికెత్తుకున్నాడు. పదేళ్లు మాలు కలిపి, ఇటుకలు అందించి, అప్పుడు తాపీ చేతికి తీసుకున్నాడు. మొదటిసారి ఎవరో 'మేస్త్రీ' అని పిలిచిన రోజు ఇంటికి పోయి, పెళ్లాం కొండవ్వ చేత కూడా రెండుసార్లు పిలిపించుకొని అన్నానికి కూర్చున్నాడు. ఇప్పుడు గోడలు, స్లాబులు వేరేవాళ్లకు పోతున్నాయి. ఎల్లన్నకు మిగిలినవి పగిలిన గచ్చులు, ఊడిన బండలు, ఎలుకలు తవ్విన బొరియలు. వాటికి కూడా "ఆ మేకలాయనను రమ్మను" అని కబురు. కొండవ్వ మంచిదే, కానీ కోపమొస్తే "దొడ్డికి గడియ పెట్టినవా?" అని ఆమె కూడా అనేది.

ఎనభై ఎనిమిది డిసెంబరులో హరికిషన్ ఇంటి నుంచి అలాంటి కబురే వచ్చింది. హరికిషన్‌ది స్టీలు సామాన్ల దుకాణం. పాత బజారులోని ఇరుకింటి నుంచి కొత్త కాలనీకి మారి రెండేళ్లయింది. కింద ఇల్లు అయింది, ఎండాకాలం రాగానే మీద అంతస్తు లేపాలని చూస్తున్నాడు. ఇంటి వెనక జామ, దానిమ్మ, గులాబీలు పెట్టి, నడవడానికి షాబాదు బండలు పరిపించాడు. ఆ బండల మీద చెప్పులతో నడిస్తే ఒప్పుకునేవాడు కాదు. అతని తల్లి సుశీలమ్మ మాత్రం వాటి మీద రోజూ తెల్లారగట్ల కందికట్టె పోగేసి మంట వేసుకునేది. డెబ్భై ఏళ్లుగా చలికాలమంతా మంట కాగుతూ బతికిన మనిషి. కొడుకు కొన్న కరెంటు హీటరును ఒకరోజు కాగి, దీనికంటే దీపం ముందు కూర్చోవడం నయమని పక్కన పెట్టింది.

ఒకరోజు ఆ మంట కింద బండ ధడేల్మని పేలింది. ముక్క ఒకటి ఎగిరొచ్చి, వరండాలో నిలబడి చాయ్ తాగుతున్న హరికిషన్ కప్పు చెవిని తీసుకుపోయింది. కప్పు అతని చేతిలోనే ఉంది, చెవి లేదు. ఆ రోజు నుంచి ఇంట్లో మంట బంద్ అన్నాడు. సుశీలమ్మ కొడుకుతో ఒక్క మాట కూడా వాదించలేదు. రెండు కంబళ్లు కప్పుకొని వరండాలో కూర్చొని, కొడుకు కనబడినప్పుడల్లా వణికేది. అతను స్కూటరు ఎక్కి దుకాణానికి పోగానే వణుకు ఆగిపోయేది. కంబళ్లు తీసేసి జామకాయలు కోయించుకొని తినేది. వారం తిరిగేసరికి కొడుకు ముఖం చూడటానికి వీల్లేకుండా అయింది.

పేలిన బండ మార్చడానికి వచ్చిన ఎల్లన్న దాన్ని తిరగేసి చూసి, కింద తడి ఉందనీ, షాబాదు బండకు మంట పడదనీ, తప్పు అవ్వది కాదు బండదనీ తేల్చాడు. ఆ తీర్పు సుశీలమ్మకు చాలా నచ్చింది. చాయ్ పోయించింది. చాయ్ తాగుతూ అతను అలవాటు కొద్దీ గుంత సంగతి ఎత్తాడు. నేల కంటే లోపలికి కూర్చుంటే గాలి కొట్టదనీ, మంట చెదరదనీ, అడుగు నుంచి తూము పెడితే అది గాలి పీల్చుకొని పొగ లేకుండా నిటారుగా లేస్తుందనీ చెప్పుకొచ్చాడు.

సుశీలమ్మ అంతా విన్నది. ఆమె మొగుడితో పాటు ముప్పై ఏళ్లు దుకాణం గల్లా దగ్గర కూర్చున్న మనిషి, ఎదుటివాడి మాటలో సత్తు ఎంతో ఇత్తడి ఎంతో ఆమెకు తెలుసు.

"అది సరే గాని, మేకలెన్ని ఉండె?" అని అడిగింది.

ఎల్లన్న గ్లాసు కింద పెట్టాడు. ఈ ప్రశ్నకు ఊళ్లో అందరి దగ్గరా కోపం తెచ్చుకున్నాడు. ఈమె ముఖంలో వెక్కిరింత వెతికాడు, కనబడలేదు.

"నూట నలభై, అవ్వా. రెండు కుంటివి."

"గుంత?"

"గుంత నిజం."

కుంటివాటిని కూడా లెక్క చెప్పినవాడు గుంత గురించి అబద్ధమాడడని ఆమెకు తోచింది. ఆ సాయంత్రం కొడుకు రాగానే వణకడం మానేసి, తోటలో మంటగుంత కట్టించమన్నది. హరికిషన్ మొదట నవ్వాడు. తల్లి మళ్లీ వణకడం మొదలుపెట్టింది. తర్వాత ఎల్లన్నను పిలిపించి, వ్యాపారస్తుడు కాబట్టి ముందే షరతు పెట్టాడు.

"చూడు, నువ్వు కట్టు. మంచిగ కుదిరితె మీది అంతస్తు పని నీకే ఇస్త. కాని ఒక్క వంక దొరికిందనుకో, నువ్వే పూడ్చాలె. మల్ల మేస్త్రీనని ఈ కాలనీకి రావద్దు."

ఎల్లన్న సరేనన్నాడు. ఇంటికి పోయి కొండవ్వకు చెప్తే, మీద అంతస్తు సంగతి విని ఆమె సంతోషించింది, వంక సంగతి విని భయపడింది. నువ్వు ఏ పని చేసినా ఒక వంక ఉండే ఉంటుంది కదా అన్నది. అది వెక్కిరింత కాదు. ఇరవై ఏళ్లు అతని పక్కన తట్ట మోసి తెలుసుకున్న సంగతి.

మర్నాడు ఆగ్నేయం మూల తవ్వడం మొదలుపెట్టారు. మంట ఆగ్నేయంలో ఉండాలని ఎల్లన్నకూ తెలుసు. ఎల్లన్న గడ్డపారతో తవ్వుతుంటే కొండవ్వ మట్టి ఎత్తి పోసింది. మధ్యాహ్నానికి మోకాలి లోతు అయింది. అప్పుడు వచ్చాడు హరికిషన్ అన్న రాధాకిషన్.

రాధాకిషన్‌కు వాస్తు పిచ్చి పట్టి మూడేళ్లయింది. ఆ రోజుల్లో ఆ పిచ్చి ఊరంతా ఉంది గానీ, ఆయనకు పట్టినంత గట్టిగా ఎవరికీ పట్టలేదు. తన ఇంటి పెద్ద తలుపును మూడుసార్లు జరిపించాడు. చివరకు అది మొదట ఉన్న చోటుకే వచ్చి ఆగింది. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చీకట్లో గోడకు గుద్దుకుంటారు. ఆయన తవ్విన గుంత చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆగ్నేయంలో గుంతా? ఇంటి ఆడవాళ్లు మంచాన పడతారు, వెంటనే పూడ్చమన్నాడు. మరి గుంత ఎక్కడుండాలని హరికిషన్ అడిగాడు. పల్లం ఉండదగ్గది ఈశాన్యంలోనే అని ఆయన చెప్పాడు. ఎల్లన్న, కొండవ్వ తవ్విన మట్టినంతా మళ్లీ గుంతలో పోసి తొక్కారు.

మర్నాడు ఈశాన్యంలో తవ్వారు. అక్కడ నేల గట్టిది, గడ్డపార టంగుమని ఎగిరిపడేది. నడుము లోతు వచ్చేసరికి సాయంత్రమైంది. రాధాకిషన్ వచ్చి, గుంత ఇక్కడ చాలా శుభంగా ఉందని మెచ్చుకొని, ఇందులో ఏం చేస్తారని అడిగాడు. మంట అని చెప్పారు. ఆయన గట్టు మీద కూలబడిపోయాడు. ఈశాన్యం అంటే ఈశ్వరుని జాగ, నీళ్లుండే జాగ, అక్కడ నిప్పు పెడితే వంశమే మిగలదన్నాడు. నైరుతిలో అయితేనో అని హరికిషన్ అడిగాడు. అక్కడ గుంత తీస్తే యజమానికే గండమన్నాడు. హరికిషన్ మరి నైరుతి పేరెత్తలేదు. వాయవ్యంలో అయితే కోర్టు కేసులు, నడుమ అయితే బ్రహ్మకు కోపం. మంటేమో గుంతను పట్టుకొని ఈశాన్యానికి పోలేదు, గుంతేమో మంటను పట్టుకొని ఆగ్నేయానికి రాలేదు. వాస్తు రాసినవాళ్లకు చలి పెట్టినట్టు లేదని సుశీలమ్మ గొణిగింది.

రెండో గుంత కూడా పూడ్చారు. కాలనీ జనానికి మంచి వినోదం దొరికింది. గోడల మీద నుంచి తొంగిచూసి, సౌదీలో కూడా ఇట్లనే తవ్వుడు పూడ్చుడు చేసినవా అని అడిగారు. మేకలకు తిన్నది అరగాలని చేయించి ఉంటారని ఒకాయన జవాబు కూడా తానే చెప్పుకున్నాడు. ఎల్లన్న గడ్డపార భుజాన వేసుకొని ఇంటికి పోయాడు. అన్నం ముందర కూర్చొని ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. మేస్త్రీ పని పోయినా పరవాలేదు, ఇక గడ్డపార పట్టుకొని బయటికి పోతే చాలు ఊరు నవ్వుతుంది. అతనికి నిజంగానే సౌదీ మేకల మీద మనసు పోయింది. అవి కనీసం నవ్వేవి కావు.

అతని దిగులు చూసి కొండవ్వ మాట మార్చాలనుకొని, రెండు రోజులు మోసిన మట్టి తలుచుకొని తిట్టింది. తవ్వితే తప్పంట, ఇంకేం చెయ్యాలి, ఆ మట్టి అక్కడ పోసి కుప్ప చేస్తే ఏ మూల దేవుడైనా కాదంటాడా అన్నది.

ఎల్లన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆమె కోపంగా అన్న మాట అతని చెవిలో పని లెక్కలా పడింది. తవ్వొద్దు. పోయాలి. ఆగ్నేయంలో నేలను నేలలాగే ఉంచి, చుట్టూ మొరం పోసి నడుమంత ఎత్తున మట్టికట్ట లేపితే? లోపల కూర్చున్నవాడికి అది గుంతే. నేలను అడిగితే గుంత లేదంటుంది. అతను ముద్ద నోట్లో పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. పొరబోయి దగ్గితే కొండవ్వ వీపు చరిచింది. ఈ ఆలోచన తనదేనని ఆమె తర్వాత జీవితమంతా చెప్పుకున్నది, అది నిజమే కూడా.

పదకొండు ఎడ్లబండ్ల మొరం వచ్చింది. వరుసలు వరుసలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, నాలుగు వైపులా కుదించారు. కట్ట లోపలి ముఖానికి గుట్టరాయి పేర్చి, దాని ముందు గుండ్రంగా కూర్చునే అరుగు కట్టాడు. అరుగు ఎత్తు, వెడల్పు, వీపు ఆనే గోడ వాలు, అన్నీ పెషావరు మేస్త్రీ చెప్పిన కొలతలే. అవి ఎల్లన్న బుర్రలో పలక మీద రాసినట్టున్నాయి. నడుమ మంట కుండానికి సిమెంటు దగ్గరికి రానివ్వలేదు. కుమ్మరి ఆవం దగ్గర ఏళ్ల తరబడి కాలి నల్లబడిన పాత ఇటుకలు అడిగి తెచ్చి, పుట్టమన్నులో ఊక కలిపి తొక్కి, ఆ మట్టితోనే పేర్చాడు. ఎన్నో మంటలు చూసిన ఇటుకలు, ఇక కొత్తగా పగలాల్సిన పని లేదు. కుండం అడుగు నుంచి కట్ట కింద ఒక మట్టి తూము పెట్టి బయటికి తీశాడు. కట్ట పైన గడ్డి అతికించాడు. బయటి నుంచి మూడు మెట్లు ఎక్కాలి, లోపలికి మూడు మెట్లు దిగాలి.

ఎక్కడం ఎందుకు, మళ్లీ దిగడం ఎందుకని హరికిషన్ అడిగితే, ఎక్కుడు వాస్తు కోసం, దిగుడు అవ్వ కోసమని ఎల్లన్న చెప్పాడు.

పని పూర్తయిన రోజు రాధాకిషన్ పరీక్షకు వచ్చాడు. ఈసారి చేతిలో నీళ్ల గొట్టం, దిక్సూచి ఉన్నాయి. దిక్సూచి చూశాడు, ఆగ్నేయమే. అన్నిటికంటే ఎత్తుండాల్సిన నైరుతిలో నీళ్ల ట్యాంకు ఉంది కాబట్టి కట్ట ఎత్తుకు అభ్యంతరం దొరకలేదు. గొట్టంలో నీళ్లు పోసి లోపలి అడుగునూ బయటి నేలనూ పోల్చాడు, వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఆయన మనసు ఒప్పలేదు. మెట్ల మీద నిలబడి చూస్తే అది ఎటు చూసినా గుంతలాగే ఉంది.

"గుంత అవునో కాదో నీళ్లే చెప్తయి. నీళ్లు నిలిస్తె గుంత" అన్నాడు.

రెండు బిందెల నీళ్లు తెప్పించి తానే కుండంలో కుమ్మరించాడు. నీళ్లు ఒక్క క్షణం గుండ్రంగా తిరిగి, గుడగుడమని తూములోకి జారి, కట్ట కింద నుంచి బయటికి వచ్చాయి. బయట వాలు వెంట సన్నగా పారుతూ, ఎవరూ చెప్పకుండానే, జామచెట్టు మొదలు దాటి నేరుగా ఈశాన్యం మూలకు పోయాయి. రాధాకిషన్ వాటి వెంట నడిచి, అవి ఆగిన చోట నిలబడి దణ్ణం పెట్టాడు. ఇంత చక్కని వాస్తు తన ఇంట్లో కూడా లేదన్నాడు. గాలి కోసం పెట్టిన తూము నీళ్ల పరీక్ష కూడా గెలుస్తుందని ఎల్లన్న అనుకోలేదు. అనుకున్నట్టే ముఖం పెట్టి నిలబడ్డాడు.

జనవరి మొదటి వారంలో ఒక ఆదివారం తెల్లారగట్ల మొదటి మంట. మంచు పడి గులాబీ కొమ్మలు కనబడటం లేదు. సుశీలమ్మ ఒక్క కంబడే కప్పుకొని వచ్చింది. హరికిషన్, రాధాకిషన్, గోడల మీద నుంచి తొంగిచూసిన ముగ్గురు నలుగురు ఇరుగుపొరుగు, అందరూ మూడు మెట్లెక్కి మూడు మెట్లు దిగి అరుగు మీద కూర్చున్నారు. ఎల్లన్న పిడకలు పేర్చి, కందికట్టె పెట్టి, అగ్గిపుల్ల గీసి పైకి వచ్చి కట్ట మీద నిలబడ్డాడు. మొదట బుస్సుమని కొంచెం పొగ వచ్చింది. హరికిషన్ ముఖం పైకెత్తి చూశాడు. తూములో నుంచి గాలి అందుకోగానే మంట రంగు మారి నిటారుగా లేచింది. పొగ లేదు. మంచు గాలి కట్ట మీదుగా దాటిపోతున్నది గానీ లోపలికి దిగడం లేదు.

హరికిషన్ మాట ప్రకారం వంక వెతికాడు. ఇటుకల మీద చెవి పెట్టి విన్నాడు, చప్పుడు లేదు. రాళ్లు తడిమాడు, వెచ్చగా ఉన్నాయి. కాసేపటికి వెతకడం మరిచిపోయి చేతులు కాచుకోవడం మొదలుపెట్టాడు. గుండ్రని అరుగు కాబట్టి ముందువరస వెనకవరస లేదు, ఎవరి ముఖం చూసినా ఎర్రగా కనబడుతున్నది. పక్కింటాయన ఊటీ పోవాల్సిన పని లేదన్నాడు. హరికిషన్ కట్ట మీదికి చూసి, వంకేం దొరకలేదనీ, ఉగాది పోయినాక మీద అంతస్తుకు కొలతలు తీసుకోమనీ చెప్పాడు. మేస్త్రీ అని మాత్రం అనలేదు. అనాలని అతనికి తోచలేదు, అంతే.

"పైన నిలబడి ఏం జేస్తవు ఎల్లన్నా, దిగి కూసో" అన్నది సుశీలమ్మ.

అతను వెంటనే దిగలేదు. సౌదీలో ఆ గుంత పూర్తయిన రోజున యజమాని మెచ్చుకొని ఖర్జూరాలు ఇచ్చి, మళ్లీ మేకల దగ్గరికే పంపించాడు. చలి రాత్రుళ్లు దూరం నుంచి చూస్తే గుంతలో కూర్చున్నవాళ్ల తలపాగాలు మాత్రం కనబడేవి. నవ్వులు వినబడేవి. అతను మేకల మధ్య దూరి పడుకునేవాడు. కట్టినవాడు కూర్చోవచ్చన్న ఆలోచన అప్పుడు యజమానికీ రాలేదు, అతనికీ రాలేదు.

మెట్లు దిగి సుశీలమ్మ పక్కన కొంచెం ఎడంగా కూర్చున్నాడు. మోకాళ్లకు వేడి తగిలింది. వీపుకు రాయి వెచ్చగా ఆనింది. ఇంత బాగుంటుందని అతనికి తెలియదు. నవ్వుదామనుకున్నాడు. అప్పుడే కాళ్ల దగ్గర ఏదో తేడాగా అనిపించింది. మడమలు నేలకు ఆనడం లేదు. వేళ్లు చాపితే బొటనవేలు మాత్రం అందుతున్నది.

చుట్టూ చూశాడు. రాధాకిషన్ అరుగు అంచుకు జారి కూర్చొని ముందుకు వాలాడు. హరికిషన్ ఒక కాలు మడిచి ఒక కాలు వేలాడదీశాడు. పక్కింటాయన కాళ్లు బడిపిల్లవాడి కాళ్లలా ఊగుతున్నాయి. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. దుబాయి పద్ధతి ఇలాగే ఉంటుంది కాబోలని అందరూ పెద్దమనుషుల్లా కూర్చున్నారు. సుశీలమ్మ రెండు కాళ్లూ అరుగు మీదికే లాక్కొని కంబడి కింద దాచుకుంది. ఎల్లన్న ఆమె కంబడి వైపు చూశాడు. ఆమె అతని కళ్లలోకి చూసి, ఊరుకో అన్నట్టు కనబడీ కనబడకుండా తల ఊపి, మంట వైపు తిరిగింది. అరుగు కట్టిన నాటి నుంచి రోజూ వచ్చి కూర్చొని చూసిపోతున్నది కదా, ఆమెకు ఎప్పుడో తెలుసు. వంక కొడుకు కంట పడుతుందని కాళ్లు దాచుకున్నది.

ఎల్లన్న మళ్లీ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఊరుకుంటే సరిపోతుంది. మీద అంతస్తు వచ్చింది, కాలనీ అంతా చూసింది. ఆమె చలికాలమంతా ఇలాగే కాళ్లు ముడుచుకొని కూర్చుంటుంది, అంతే. నూరో అబద్ధం. దీనికి నోరు తెరవాల్సిన అవసరం కూడా లేదు.

"సేటూ, ఒక వంకున్నది" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. సుశీలమ్మ కంబడి లోపల నుంచి అతని మోచేతిని గట్టిగా గిల్లింది. అతను గిల్లించుకున్నాడు.

"అరుగు ఆరు వేళ్లు ఎత్తైంది. మీ ఎవ్వల కాళ్లు నేలకు అందుతలెవ్వు. సౌదీలోళ్లు పొడుగు మనుషులు, నేను గా కొలతనే వెట్టిన. వాళ్లు కూసున్నప్పుడు నేను మేకల కాడ ఉన్న. నేను కట్టిన దాంట్ల నేను ఒక్కనాడు గూడ కూసోలే. ఇయ్యాల్నే కూసున్న. గందుకే తెల్వలే."

మేకల మాట నలుగురి ముందు అతని నోట రావడం అదే మొదలు. పక్కింటాయన నవ్వడానికి నోరు తెరిచి, ఎవరూ నవ్వకపోవడం చూసి మూసుకున్నాడు. హరికిషన్ వేలాడుతున్న తన కాలి వైపు చూసుకున్నాడు. తర్వాత తల్లి కంబడి వైపు చూశాడు. ఆమె ఇక దాచి లాభం లేదని కాళ్లు బయటపెట్టి, తన ఇంట్లో తన ఇష్టమొచ్చినట్టు కూర్చుంటానని ఎవరూ అడగకుండానే అన్నది.

హరికిషన్ ఒక కందికట్టె తీసి మంటలో వేశాడు. వంక దొరికితే పూడ్చాలన్నది అతను పెట్టిన షరతే. వంకను తాను వెతికితే దొరకలేదు, కట్టినవాడే తెచ్చి చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో తన సరుకుకు సొట్ట ఉందని తానే చూపించిన మనిషి అతనికి ఎదురుపడలేదు. చూపించడం తనకూ తెలియదు.

"పూడ్చుడెందుకు? రేపొచ్చి ఆరు వేళ్లు దించు, మేస్త్రీ" అన్నాడు.

దించేటప్పుడు ఏ దిక్కు నుంచి మొదలుపెట్టాలో తనను అడక్కుండా తాపీ పట్టొద్దని రాధాకిషన్ హెచ్చరించాడు. ఎల్లన్న సరేనని తల ఊపాడు గానీ, ఆయన చెప్పింది అతనికి వినబడలేదు. అతనికి ఏడుపు వచ్చింది. మంట వైపు ముఖం పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. పొగ మీద నెట్టేద్దామంటే అతను కట్టిన దాంట్లో పొగ లేదు.